ఆయిలింజన్‌కి వానాకాలం సెలవులు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళందరికీ అక్టోబరొచ్చేసరికి ఒక చాకిరీ ఉంటుంది. గడ్డి కోసే మిషన్‌ని చలికాలానికి పడుకోబెట్టాలి. ట్యాంకులో పెట్రోలు తీసెయ్యాలి, లేదంటే అది పాడవకుండా ఉండే మందేదో కలపాలి. కార్బురేటర్లో మిగిలిన చుక్కలు కూడా అయిపోయేదాకా నడపాలి. ఆయిల్ మార్చాలి. స్పార్క్ ప్లగ్ విప్పి ఆ కన్నంలో కాస్త నూనె పోసి, తాడు ఒకట్రెండు సార్లు లాగి, ప్లగ్ మళ్ళీ బిగించాలి. అప్పుడు గరాజులో ఓ మూలకి తోసేసి, మంచు కరిగి మళ్ళీ గడ్డి మొలిచేదాకా దాన్ని మర్చిపోవచ్చు. మిషన్‌తో వచ్చే పుస్తకంలో దీనికోసం ఒక పేజీ ప్రత్యేకంగా ఉంటుంది. ఇదంతా చెయ్యకపోతే ఏప్రిల్లో తాడు లాగీ లాగీ భుజం పడిపోతుంది.

తిరుపతి, చిత్తూరు వైపు వాళ్ళకి ఇది చెప్తే నవ్వుతారు. మనకి మంచెక్కడిది, గడ్డి కోసే మిషనెక్కడిది? కానీ మన జిల్లాలో కూడా ఇంజన్లని పడుకోబెట్టే కాలం ఒకటుండేది. విచిత్రం ఏంటంటే అది కూడా దాదాపు అవే నెలల్లో.

నేను జిల్లా అంటున్నది పాత చిత్తూరు జిల్లాని. 1911లో ఉత్తర ఆర్కాటు నుంచి కొన్ని, కడప నుంచి కొన్ని తాలూకాలు తెచ్చి అతికించి చేసిన జిల్లా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయిపోయింది. ఈ గీతలు బావులకీ మబ్బులకీ తెలీవు కాబట్టి పాత పేరుతోనే మాట్లాడుకుందాం. ఇక్కడి వానల లెక్క కోస్తావాళ్ళ లెక్క కాదు, తెలంగాణా లెక్క అసలే కాదు. నైరుతి వానలు మనదాకా వచ్చేసరికి సగం అలిసిపోయి ఉంటాయి. అసలు వాన, ముఖ్యంగా తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు, ఈశాన్య రుతుపవనానిది. అది సాధారణంగా అక్టోబరు 20 ప్రాంతంలో మొదలవుతుంది. బంగాళాఖాతంలో ఒక వాయుగుండం, దాని వెనకాల ఇంకోటి. డిసెంబరు దాకా ఇదే వరస. పడమటన మదనపల్లె, పలమనేరు వైపు రెండు రుతుపవనాలూ కలిపి కొంత కొంత పెడతాయి. ఏదైతేనేం, మంచి సంవత్సరం అయితే కార్తీకానికి చెరువులు నిండేవి. చెరువు నిండితే దాని దిగువనున్న బావులు ఊరేవి. బావి ఊరిందంటే కయ్యలకి చెరువు నీళ్ళే సరిపోయేవి, ఇంజన్‌తో పని లేదు. సంక్రాంతి దాటి, చెరువు కాస్త కిందికి దిగాకే మళ్ళీ బావి దగ్గరికి పోవడం. మా తాతనడిగితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "బావి నిండినాక ఇంజన్‌కి ఆడ ఏం పనిరా?"

ఈ "ఏం పని లేని" రెండు మూడు నెలల గురించే నేను రాద్దామనుకున్నది. యంత్రాల చరిత్ర రాసేవాళ్ళంతా అవి ఎప్పుడొచ్చాయి, ఎంత పని చేశాయి అని రాస్తారు. అవి ఎప్పుడు ఆగేవి, ఆగినప్పుడు ఎక్కడుండేవి అని ఎవరూ రాయరు. నా మట్టుకు నాకు మన నీళ్ళ కథలో అసలు సంగతి అక్కడే ఉందనిపిస్తుంది.

ఇంజన్ కంటే ముందు కపిల ఉండేది (కోస్తావాళ్ళు మోట అంటారు). రెండెద్దులు, తోలుబాన, దాని కిందో తోలు తొండం, గట్టు మీద గిలక, ఎద్దులు దిగడానికి ఏటవాలు దారి. ఎద్దులు వాలులోకి దిగితే బాన పైకొస్తుంది, తొండంలోంచి నీళ్ళు కాలవలో పడతాయి. ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్ళీ లోపలికి. ఉత్తర ఆర్కాటు అంతా బావుల దేశమే, కాబట్టి తెల్లారకముందే ఊరు చుట్టూ గిలకల చప్పుడు. ఆ తోలుబానకి కూడా విశ్రాంతి మర్యాదలున్నాయి. ఎండకి బిగుసుకుపోకుండా ఆముదం పట్టించి, ఎలకలకి అందకుండా వేలాడదీసేవాళ్ళు. వాడని కాలంలో వస్తువుని చూసుకోవడం అనేది యంత్రంతో వచ్చిన విద్యేం కాదన్నమాట.

కపిలతో అసలు చిక్కు ఎద్దులతో. వానలు పడి కపిల తోలకపోయినా ఎద్దు మేత మెయ్యడం మానదు. కరువొస్తే ముందు పోయేది ఎద్దే. 1876-78 కరువు తర్వాత ఈ పక్క రైతుకి ఇది ఎవరూ చెప్పక్కర్లేని పాఠం.

ఇక్కడికి ఇంజన్ ఆలోచన తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఆల్ఫ్రెడ్ చాటర్టన్. మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. అల్యూమినియం పాత్రలు, క్రోమ్ తోలు, చేనేత మగ్గాలు - చెయ్యి పెట్టని పని లేదు ఆయనకి. 1900 తర్వాతి తొలి ఏళ్ళలో ఆయిలింజన్, పంపు పెట్టి బావుల్లోంచి నీళ్ళు తోడించే ప్రయోగాలు మొదలుపెట్టాడు. ఇంజన్లు కొనుక్కునేవాళ్ళకి సర్కారు అప్పులిచ్చే చట్టాలు అప్పటికే ఉన్నాయి, 1883లో ఒకటి, 1884లో ఇంకోటి. 1912లో ఆయన ఈ నీళ్ళ తోడకం మీద ఒక పుస్తకమే వేశాడు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, లండన్‌లో కూర్చున్న మోర్లే ప్రభువు "సర్కారు పరిశ్రమల్లో తలదూర్చడం ఏంటి" అని అడ్డుపుల్ల వేశాడు, అది వేరే కథ.

అప్పటికి డీజిల్ ఇంజన్ ఇంకా పసిబిడ్డ. పల్లెలకి తగ్గ ఇంజన్ అంటే హార్న్స్‌బీ-అక్రాయిడ్ లాంటిది. అక్రాయిడ్ స్టువర్ట్ అనే ఆయన 1890లో పేటెంట్ తీసుకున్నాడు, ఇంగ్లండులో గ్రాంథమ్ ఊళ్ళో హార్న్స్‌బీ కంపెనీవాళ్ళు 1892 నుంచి అమ్మారు. దానికి స్పార్క్ ప్లగ్ లేదు, కార్బురేటర్ లేదు. తలకాయ దగ్గర ఒక ఇనప బుడ్డి ఉంటుంది. బ్లోల్యాంపుతో దాన్ని కాసేపు ఎర్రగా కాల్చి చక్రం తిప్పితే మొదలవుతుంది. ఆ తర్వాత దాని వేడి అదే నిలుపుకుంటుంది. ముతక నూనె పోసినా తాగేస్తుంది.

ఇంజన్ గురించి అప్పట్లో చెప్పిన గొప్ప లాభం ఇదీ: పని లేనప్పుడు దానికి మేత వెయ్యక్కర్లేదు. కరెక్టే. కానీ వడ్డీకి సెలవుండదు కదా! పైగా మేత వెయ్యక్కర్లేదన్నది సరిగ్గా పడుకోబెడితేనే. గాలికీ వానకీ వదిలేస్తే ఎద్దు కంటే ముందే పోతుంది.

ఇంకో సమస్య బావిది. ఇంజనీరింగ్ చదివిన పాపానికి ఒక చిన్న లెక్క వేస్తాను, ఓపిక పట్టండి. 5 హార్స్‌పవర్ ఇంజన్, 15 మీటర్ల లోతు, బెల్టులోనూ పంపులోనూ సగం శక్తి పోయిందనుకుందాం. గంటకి దాదాపు 45 వేల లీటర్లు పైకొస్తాయి. ఒక జత ఎద్దులకి అది ఇంచుమించు ఒక రోజు పని. ఇప్పుడు 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పున్న బావి తీసుకోండి. గంటకి మీటరుంబావు చొప్పున నీళ్ళు దిగిపోతాయి. మనది రాతి నేల. బావిలోకి ఊట రాతి పగుళ్ళలోంచి నింపాదిగా వస్తుంది. కపిలకీ ఊటకీ జోడీ కుదిరేది, ఎద్దులు తోడేలోపు బావి కొంచెం నింపుకునేది. ఇంజన్ ముందు బావి నిలవలేదు. మూడు నాలుగు గంటలకే అడుగు కనిపిస్తుంది. అందుకే చాటర్టన్ లాంటివాళ్ళు ఇంజన్‌తో పాటే బావి అడుగున బోరు వెయ్యడం గురించి కూడా మాట్లాడాల్సొచ్చింది. బోరు అనే మాట మన నెత్తిన కూర్చోడానికి బీజం అక్కడే పడిందని నా అనుమానం.

ఇక అసలు తమాషాకొద్దాం. ఇంజన్ ఎక్కడ పెట్టాలి? గట్టు మీద షెడ్డు వేసి పెడితే చాలదా? చాలదు. పంపు నీళ్ళని పీలుస్తుందని అంటాం గానీ నిజానికి అది నీళ్ళని లాగదు. గొట్టంలో గాలి తీసేస్తే, బయటి గాలి బరువే నీళ్ళని గొట్టంలోకి తోస్తుంది. ఆ బరువు తొయ్యగలిగింది సముద్రమట్టం దగ్గర 10.3 మీటర్లు. దాదాపు 700 మీటర్ల ఎత్తునున్న మదనపల్లెలో అయితే తొమ్మిదిన్నరే. అది కూడా పుస్తకంలో. గొట్టం అతుకుల్లో గాలి దూరడం, ఫుట్‌వాల్వులో చెత్త పడటం ఇవన్నీ పోగా చేతికొచ్చేది ఆరేడు మీటర్లు. మన బావులేమో ఎండాకాలంలో 12 మీటర్లు, 15 మీటర్లు దిగిపోతాయి.

మరేం చేశారు? ఇంజన్నే బావిలోకి దించారు. బావి గోడలో అరుగులాగా రాయి తొలిచి, దాని మీద పంపుని, కొన్ని చోట్ల ఇంజన్‌తో సహా, కూర్చోబెట్టారు. నీళ్ళు దిగేకొద్దీ ఇంకో అరుగు, ఇంకా కిందికి. పాత బావుల్లోకి తొంగి చూస్తే గోడకి ఒకదాని కింద ఒకటి రెండు మూడు అరుగులు కనిపిస్తాయి చూడండి, అవి ఈతకొట్టే పిల్లకాయలు దూకడానికి కట్టినవి కాదు :) ఒక్కో అరుగూ ఆ కాలానికి ఆ బావిలో నీళ్ళు ఎక్కడిదాకా దిగాయో చెప్పే గుర్తు.

ఇప్పుడు అక్టోబరు నెల ఊహించుకోండి. ఎండాకాలం అంతా ఇంజన్ బావిలో అరుగు మీద ఉంది. ఒక వాయుగుండం వచ్చి రాత్రికి రాత్రి కుండపోత. చెరువు మరవ పారింది, బావిలోకి గట్టు మీది నీళ్ళు కూడా దూకుతున్నాయి. తెల్లారేసరికి ఇంజన్ నీళ్ళలో. బురదనీళ్ళు సిలిండర్లోకి పోయాయంటే పిస్టన్ రింగులు తుప్పుకి అతుక్కుపోతాయి, బేరింగులు పోతాయి, ఇక మెకానిక్ వచ్చి మొత్తం విప్పాల్సిందే. కాబట్టి మనకి చలికాలపు తయారీ అంటే మొట్టమొదటి పని ఇంజన్‌ని బావిలోంచి పైకి తియ్యడం. మంచు కురుస్తుందని అమెరికావాడు తొందరపడినట్టు, వాయుగుండం పడుతుందని మనవాడు తొందరపడేవాడు. రేడియోలో వాతావరణం వినేది ఇందుకే కాబోలు.

చిన్నా చితకా బరువు కాదు. అప్పట్లో పేరుమోసిన లిస్టర్ రకం 6 హార్స్‌పవర్ ఇంజన్ మూడు వందల కిలోలకి తక్కువుండదు. ముందు బరువు చక్రాలు ఊడదీసి విడిగా పైకి పంపాలి. మూడు దుంగలు కలిపి గట్టు మీద కట్టి, మధ్యన గిలకో చైన్‌పుల్లీయో తగిలించి, పదిమంది తాడు పట్టాలి. ఒక ఇంట్లోవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. ఈరోజు నీ బావి దగ్గరికి నేను, రేపు నా బావి దగ్గరికి నువ్వు. కోతకీ నాట్లకీ ఉన్నట్టే దీనికీ చేయిబదులు ఉండేది. ఏనాడూ పలకరించుకోని రెండిళ్ళవాళ్ళు కూడా ఈ ఒక్క పనికి ఒకే తాడు పట్టుకునేవాళ్ళని మా తాత చెప్తుంటాడు.

బావిలో ఇంజన్ నడపడంలో ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. పొగ. ఇంజన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. డీజిల్ ఇంజన్‌కి కాస్త తక్కువ, పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలు మీద నడిపే చిన్న ఇంజన్లకి చాలా ఎక్కువ. పొగగొట్టాన్ని గట్టు పైదాకా తీసుకురాకపోయినా, గొట్టానికి చిల్లు పడినా, ఆ పొగ బావి గుంతలో కూర్చుంటుంది. ఇంజన్ ఆగిపోయిందని చూడ్డానికి ఒకడు దిగుతాడు, పడిపోతాడు. వాణ్ణి తియ్యడానికి ఇంకొకడు దిగుతాడు. మన దేశంలో బావుల్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురు పోవడం వెనకాల తరచూ ఉండేది ఈ వరసే. పాత రోజుల్లో లాంతరు వెలిగించి బావిలోకి దించి చూసేవాళ్ళు, ఆరకపోతే దిగొచ్చని. ప్రాణవాయువు తక్కువుంటే లాంతరు ఆరిపోతుంది నిజమే. కానీ మనిషిని చంపే మోతాదులో కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా అది హాయిగా వెలుగుతూనే ఉంటుంది. కపిల కాలానికి పనికొచ్చిన పరీక్ష ఇంజన్ కాలానికి పనికిరాదన్నమాట. ఈ సంగతి ఇప్పటికీ చాలామందికి తెలీదు. ఇప్పుడు కూడా బావి పూడిక తీసేటప్పుడు లోపల పెట్రోలు పంపు పెట్టేవాళ్ళున్నారు, అందుకే ఇక్కడ కాస్త ఆగి రాశాను.

సరే, ఇంజన్ గట్టెక్కింది. ఇప్పుడు పడుకోబెట్టడం. మా సాఫ్టువేరు భాషలో చెప్పాలంటే షట్‌డౌన్ ప్రొసీజర్. దీన్ని అమెరికా గడ్డి మిషన్ పేజీ పక్కన పెట్టి చూస్తే భలే ఉంటుంది. చేసే పనులు చాలావరకు అవే, కారణాలు మాత్రం వేరు.

మొదట నీళ్ళు. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్ళు సిలిండర్ చుట్టూ తిరుగుతుంటాయి. చలిదేశంలో వాటిని తీసెయ్యకపోతే గడ్డకట్టి, ఉబ్బి, ఇనప దిమ్మనే పగలగొడతాయి. మనకి ఆ భయం లేదు. కానీ మన బావి నీళ్ళలో సున్నం, ఉప్పు ఎక్కువ. ఇంట్లో నీళ్ళు కాచే అండాకి తెల్లగా పట్టే పొరే లోపలా పడుతుంది, దానికి తుప్పు తోడు. రెండు నెలలు నిలవుంచితే దారులు మూసుకుపోతాయి. కాబట్టి మనమూ తీసేస్తాం. ఇక ఆయిల్. నడిచిన ఆయిల్ నల్లబడి ఉంటుంది, డీజిల్లోని గంధకం వల్ల దాంట్లో ఆమ్లం చేరుతుంది. పాత ఆయిల్‌తోనే పడుకోబెడితే అది నిద్రలో బేరింగుల్ని కొరుకుతుంది. కొత్త ఆయిల్ పోసి ఐదు నిమిషాలు నడిపి అప్పుడు ఆపాలి. తీసిన నల్ల ఆయిల్ పారబోసేవాళ్ళు కాదు. బండి ఇరుసుకి కొంత, పశువుల కొట్టం దూలాలకి చెదలు పట్టకుండా కొంత.

డీజిల్ దగ్గర పుస్తకానికీ రైతుకీ తగాదా. ట్యాంకు నిండుగా ఉంచమంటుంది పుస్తకం. ఖాళీ ఉంటే అందులోని తేమగాలి రాత్రి చల్లబడి నీటిచుక్కలుగా మారి అడుగున చేరుతుంది. పెట్రోలుకి చెప్పేది దీనికి సరిగ్గా తిరగేసి, చిన్న మిషన్లకి ఖాళీ చెయ్యమంటారు, ఎందుకంటే పెట్రోలు నిలవుంటే బంకలా మారి కార్బురేటర్ కన్నాలకి అడ్డం పడుతుంది. మన రైతు మాత్రం డీజిల్ కూడా ఖాళీ చేసేవాడు. ఐదు లీటర్ల డీజిల్‌ని ఊరి బయట షెడ్డులో రెండు నెలలు వదిలేస్తే తేమకంటే ముందు దొంగ చూసుకుంటాడు కదా! నేనైతే ఈ విషయంలో రైతు పక్షమే. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు ట్యాంకు అడుగు తుడిచి, కొత్త డీజిల్ గుడ్డలో వడకట్టి పోస్తే సరిపోతుంది.

ఆ తర్వాత గాలి పీల్చే దారిలోంచి ఒక చెంచాడు నూనె పోసి, చక్రం చేత్తో తిప్పి సిలిండర్ గోడలకి పట్టించడం. చక్రం ఎక్కడ ఆపాలన్నది ముఖ్యం. వాల్వులు రెండూ మూసుకుని, పిస్టన్ పైకొచ్చి బిగుతుగా తగిలే చోట ఆపాలి. అప్పుడు తేమగాలి లోపలికి పోదు. అమెరికా పుస్తకంలో కూడా తాడు బిగుసుకునేదాకా మెల్లగా లాగి వదిలెయ్యమని రాసుంటుంది, అదీ ఇదే. పొగగొట్టానికి కొబ్బరిచిప్పో డబ్బానో బోర్లించాలి. ఇది వాన కోసమే అనుకుంటాం గానీ అసలు శత్రువు కుమ్మరి పురుగు. ఖాళీ గొట్టం కనిపిస్తే మట్టి తెచ్చి గూడు కట్టేస్తుంది. ఇక బెల్టు విప్పి చుట్ట చుట్టి ఇంటికి తీసుకుపోయి దూలానికి వేలాడదియ్యడం. ఎలకలు. కపిలబానని వేలాడదీసిన కొక్కేనికే ఇంజన్ బెల్టు కూడా వేలాడి ఉంటుందని నా ఊహ.

ఆయుధపూజకీ దీనికీ ముడి ఉందని కూడా నాకనిపిస్తుంది. తమిళ, కన్నడ దేశాల సరిహద్దు కావడం వల్లనో ఏమో మన జిల్లాలో ఆయుధపూజ జోరుగా చేస్తారు. అది పడేది దసరాకి, అంటే ఈశాన్య వానలకి సరిగ్గా ముందు. ఇంజన్‌ని కడిగి, తుడిచి, నూనె పెట్టి, పసుపు కుంకుమ రాసి, నిమ్మకాయ కట్టి, ఆరోజుకి నడపకుండా ఉంచుతారు. కడగడానికి విప్పినప్పుడు ఏ నట్టు వదులైందో, ఎక్కడ నూనె కారుతోందో తెలిసిపోతుంది. ఏడాదికొకసారి తప్పకుండా జరిగే సర్వీసింగ్ అది.

అందరి ఇంజన్లకీ సెలవు దొరికేది కాదని కూడా చెప్పాలి. చిత్తూరు బెల్లానికి పేరున్న ఊళ్ళలో సంక్రాంతికి అటూ ఇటూ గానుగాడే కాలం. బావి దగ్గర ఖాళీ అయిన ఇంజన్ బండెక్కి గానుగ దగ్గరికి పోయేది. అక్కడ రాత్రీ పగలూ చెరుకు పిప్పిలో, పొగలో పని. ఇంజన్ మంచిదైతే అద్దెకి కూడా పోయేది.

ఇక తయారీదార్ల సంగతి టూకీగా. ఇంగ్లండులో డర్స్‌లీ ఊరి లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో నిమిషానికి 600 చుట్లు తిరిగే, ఏళ్ళ తరబడి చావని ఒంటి సిలిండర్ డీజిల్ ఇంజన్ తెచ్చింది. కంపెనీ 1987లో ఆపేసినా రాజ్‌కోట్‌లో దాన్ని చూసి చేసినవి తర్వాత కూడా వస్తూనే ఉన్నాయి. 1946లో పూణేలో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ పుట్టింది. కోయంబత్తూరులో 1937లో జి.డి. నాయుడు, బాలసుందరం నాయుడు కలిసి మోటారు తయారు చేశారు. నాయుడుగారు అక్కడి తెలుగు కుటుంబంవాడే. ఆ కోయంబత్తూరు మోటార్లే తర్వాత మన ఇంజన్లకి ఎసరు పెట్టాయి.

కరెంటు ఒక్కరోజులో రాలేదు. 1959లో విద్యుత్ బోర్డు ఏర్పడ్డాక ఊరూరా తీగలు లాగుతూ వచ్చారు. 1973 చివర ప్రపంచంలో చమురు ధర మూడు నెలల్లో నాలుగింతలైంది, ఇక డీజిల్ పోసి నీళ్ళు తోడటం అందరి వల్లా కాలేదు. మోటారు పెట్టుకున్నారు. అయినా ఇంజన్‌ని అమ్మెయ్యలేదు, ఎందుకంటే కరెంటుని నమ్మలేం. షెడ్డులో మూల పడుకోబెట్టి, కరెంటు పోయినప్పుడు లేపేవాళ్ళు. బావిలో దించిన మోటార్ని కూడా వానలకి పైకి లాగడం మామూలే. అంటే అప్పటికింకా కాలం అనేది ఒకటుంది, ఆగడం అనేది ఒకటుంది.

అది పోవడం ఎక్కడ మొదలైందంటే, నా ఉద్దేశంలో, 1983లో. ఎన్టీఆర్ ప్రభుత్వం మీటర్లు పక్కనపెట్టి హార్స్‌పవర్‌కి ఏడాదికి 50 రూపాయలు కట్టమంది. ఏడాదికి ఒకేసారి కట్టాక మోటారు గంట నడిచినా వంద గంటలు నడిచినా ఒకటే. తర్వాత రేట్లు పెంచడం, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు, 2004 మేలో రాజశేఖరరెడ్డి గారి మొదటి సంతకంతో ఉచిత కరెంటు. ఇవన్నీ మీకు తెలిసినవే. డీజిల్ ఇంజన్ తాగే ప్రతి లీటరూ జేబులోంచి పోయేది. చెరువు నిండిన రోజు దాన్ని ఆపితే ఆ రోజుకి అంత మిగులు. కరెంటు మోటార్ని ఆపితే ఏం మిగలదు. పైగా కరెంటు రోజుకి ఏడు గంటలో తొమ్మిది గంటలో, అది కూడా ఏ అర్ధరాత్రో వచ్చేది. అందుకని ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టారు. కరెంటు రాగానే దానంతటదే లేస్తుంది, పోగానే ఆగుతుంది. వాన పడుతోందా, కయ్యలో నీళ్ళున్నాయా అన్నది దానికి తెలీదు. ఇంజన్‌ని లేపాలంటే ఒక మనిషి వెళ్ళి హ్యాండిల్ తిప్పాలి. ఆ మనిషికి ఆకాశం కనిపిస్తుంది.

ఇది చదివి "ఓహో, ఉచిత కరెంటు తప్పంటావా" అని మీదపడకండి. నేను అనేది అది కాదు. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన రైతుకి ఆ కరెంటు కూడా లేకపోతే ఏమయ్యేదో 2002 కరువు చూసినవాళ్ళకి తెలుసు. చెరువుల పూడిక తియ్యకుండా, కాలవల మీద ఇళ్ళు కట్టనిచ్చి, స్వర్ణముఖి ఇసక లారీలకెత్తి, చివరికి నేరమంతా రైతు స్టార్టర్ మీద వెయ్యడం అన్యాయం. డీజిల్ కాలం స్వర్ణయుగమూ కాదు. పొగ, ఖర్చు, బావిలో చావులు పైన చెప్పాను. నేననేది ఒక్కటే. నీళ్ళు తోడే యంత్రానికి ఏడాదిలో కొన్నాళ్ళు పని ఉండకపోవడం అనేది ఆ ఊళ్ళో నీళ్ళు ఉన్నాయనడానికి గుర్తు. ఆ గుర్తు మన కళ్ళ ముందే పోయింది, మనం గమనించలేదు. బోర్లకి అనుమతి కావాలని 2002లో వాల్టా చట్టం తెచ్చారు. ఇంజన్ చేతులకి చెప్పిన "ఆపు" అన్న మాటని కాగితం మీద రాశారు గానీ చేతులకి చేరలేదు.

ఇప్పుడు మదనపల్లె, కుప్పం వైపు బోర్లు వెయ్యి అడుగులు దాటుతున్నాయి. సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్ళలోనే పుట్టి నీళ్ళలోనే పోతుంది. దాన్ని పడుకోబెట్టడం అంటూ లేదు. కాలిపోయినప్పుడే పైకి తీస్తారు, అది కూడా పైపులు లాగే బండివాడొచ్చి. చేయిబదులు తాడు లేదు, బిల్లుంది.

2021 నవంబరులో వానలు ఎలా పడ్డాయో గుర్తుందిగా. తిరుపతి వీధుల్లో కార్లు తేలాయి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింద ఊళ్ళని ఖాళీ చేయించారు. ఏళ్ళ తరబడి ఎండి పిచ్చి చెట్లు మొలిచిన బావులు చాలాచోట్ల గట్టు దాకా నిండాయి. మా ఊళ్ళోదీ నిండింది. అరుగులన్నీ మునిగాయి. పైకి తియ్యడానికి అందులో ఏమీ లేదు. ఇంజన్‌ని మా మామ నాకు ఊహ తెలిసే నాటికే పాతసామానుకి వేసేశాడు. ఒక బరువు చక్రం మాత్రం కొట్టంలో ఉంది, దానికి దూడని కట్టేస్తారు.

ఇంతకీ ఇంజన్లు మళ్ళీ వస్తున్నాయండోయ్, వేరే రూపంలో. మామిడి తోటల్లో పెట్రోలు స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్‌కట్టర్లు, కలుపు తీసే చిన్న టిల్లర్లు ఇప్పుడు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. తోతాపురి చెట్టు పూతకొచ్చే డిసెంబరు, జనవరి నుంచి స్ప్రేయర్‌కి పని. కాయ కోత అయిపోయాక మళ్ళీ పూత దాకా ఖాళీ. అంటే వానాకాలం అంతా అది షెడ్డులో ఓ మూల, ట్యాంకులో సగం పెట్రోలుతో పడుంటుంది. పూతకి మందు కొట్టాల్సిన రోజు తాడు లాగితే లేవదు. మెకానిక్ దగ్గర వరస. పూతకి తేనెమంచు పురుగు పట్టాక రెండ్రోజులు ఆలస్యమంటే మాటలు కాదు.

దీనికి ఒక కొత్త కారణం కూడా తోడైంది. మన బంకుల్లో పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. అది మరీ ఎక్కువైతే నీళ్ళూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరతాయి. కార్బురేటర్ పీల్చేది అడుగునుంచే. చిన్న మిషన్ల రబ్బరు గొట్టాలనీ, పొరలనీ కూడా ఇది మెత్తబరిచి పాడుచేస్తుంది, పాత మోడళ్ళయితే మరీను. టూస్ట్రోక్ అయితే ఇంకో చిక్కు. ఇంజన్‌కి నూనె అందేదే పెట్రోలులో కలిపి. అడుగుకి చేరిన ఆ నీళ్ళలో నూనె ఉండదు, దాంతో నడిస్తే పిస్టన్ పట్టేస్తుంది.

కాబట్టి స్ప్రేయరో బ్రష్‌కట్టరో ఉన్నవాళ్ళు నెలకి మించి వాడరనుకుంటే ట్యాంకు ఖాళీ చేసెయ్యండి. ఆ పెట్రోలు టూస్ట్రోక్‌ది అయితే బైకులో పొయ్యకండి, నూనె కలిసి ఉంటుంది. మిగిలింది అయిపోయి మిషన్ దానంతటదే ఆగేదాకా ఆరుబయట నడపండి. ప్లగ్ విప్పి అర చెంచా నూనె పోసి, తాడు రెండుసార్లు మెల్లగా లాగి, బిగుతు తగిలిన చోట వదిలెయ్యండి. ప్లగ్ బిగించండి. గాలి పీల్చే స్పాంజి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. మందు పోసే డ్రమ్మునీ గొట్టాల్నీ మంచినీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు బావి గట్టు మీద కాకుండా దూరంగా పారబొయ్యండి. పొగగొట్టానికి ఒక గుడ్డ కుక్కండి, కుమ్మరి పురుగు ఇప్పటికీ ఉంది. మళ్ళీ మొదలుపెట్టే రోజు ఆ గుడ్డ తియ్యడం మర్చిపోకుండా, దాని కొస ఒకటి బయటికి వేలాడనివ్వండి.